బొరుగుల కవర్లలోకి పోయిన జపాన్ కథ

కొన్నేళ్ళ కిందట ఒక వారపత్రికలో మా ఇంటి మధ్యాహ్నాల గురించి చిన్న వ్యాసం రాశాను. అవ్వా అమ్మా కూర్చుని పాత కాగితాలతో కవర్లు అంటిస్తుంటే, ఆ కాగితాల్లో దొరికిన ఒక జపాన్ బొమ్మల కథను నేను వాళ్ళకు చదివి వినిపించిన సంగతి అది. చాలామంది బాగుందన్నారు. అందులో "పొడుగు జుట్టు జపాన్ పిల్ల" అని పదేపదే రాశాను. మా మిద్దె మీది గదిలో అద్దెకున్న స్నేహితుడు మునిరత్నం గురించి "చదువు అయిపోయి సొంతూరు నగరికి వెళ్ళిపోయాడు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. రెండూ అబద్ధాలే. ఆ కథలో పిల్ల లేదు. ఉన్నది ఇద్దరు మగవాళ్ళు, ఒకరినొకరు ప్రేమించుకున్నవాళ్ళు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. మునిరత్నం వెళ్ళింది చదువు అయిపోయి కాదు, నేనన్న ఒక మాట పడలేక.

ఇప్పుడిది రాయడానికి కారణం మా అమ్మాయి శ్రావణి. డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవుల్లో సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఫోన్ చూస్తూ ముక్కు చీదుకుంటుంటే ఏమైందమ్మా అని అడిగాను. "ఏం లేదు నాన్నా, వీళ్ళిద్దరూ మళ్ళీ విడిపోయారు" అని ఫోన్ నా ముందుకు తోసింది. జపాన్ బొమ్మల కథ. ఇద్దరు యువకులు, ఒకడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, ఇంకొకడు అటు తిరిగి ఉన్నాడు. "ఇట్లాంటివి బోలెడు నాన్నా. ఇష్టం ఉంటుంది, ఒకడు చెప్పడు, ఇంకొకడు తప్పుగా అనుకుంటాడు, ఈలోగా ఇంట్లోవాళ్ళు పెళ్ళి పెట్టేస్తారు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఉన్నదున్నట్టు చెప్పేస్తే సగం కథలు మొదట్లోనే అయిపోతాయి" అంది. ఆ తర్వాత, నాకేం తెలుస్తుందని, పేజీని కుడివైపు నుంచి చదవాలని నేర్పబోయింది. తెలుసులేమ్మా అన్నాను. ఎట్లా తెలుసని వదలకుండా అడిగితే నా వ్యాసం తీసి ఇచ్చాను. చదివి, "ఈ రత్నం అంకుల్ ఇప్పుడెక్కడున్నారు? తర్వాత ఒక్కసారీ కలవలేదా? ఎందుకెళ్ళిపోయారు?" అంది. "చదువు అయిపోయింది కదా" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో నోటికి ఆ మాట! అన్నేళ్ళ అలవాటు. శ్రావణి మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయింది కానీ నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

మా ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఉండేది. నాయనకు పాత కాగితాల వ్యాపారం. మద్రాసు హార్బరులో దిగిన విదేశీ పాత పేపర్ల బేళ్ళు లారీలో వచ్చేవి. మంచివి ఏరి అమ్మగా, మిగిలినవి మా నడవలోకి చేరేవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పొయ్యి మీద మైదా బంక కాచేది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలతుత్తం వేసేది. ఆ వాసన ఇప్పటికీ నాకు మా ఇంటి వాసనే. పెళ్ళికి ముందు మా ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడు ముక్కు చిట్లించింది, నేను మాత్రం గట్టిగా పీల్చుకున్నాను. అవ్వ గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, కత్తిపీటను కాలికింద నొక్కిపట్టి పుస్తకాల నడుములు కోసేది. అమ్మ మడిచేది. పక్కింటి రాజమ్మక్క బంక పూసేది. ఆమెకు కూలీ ముట్టేది కానీ, నిజానికి ఆమె వచ్చేది కథ కోసమే. ఎందుకంటే మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది: బొమ్మలున్న పుస్తకం ఏదొచ్చినా కోసే ముందు దాన్ని నేను చదివి వినిపించాలి. ఆ పొద్దుకు చెప్పిన పేజీలు ఆ పొద్దే కవర్లయిపోవాలి. బజార్లో బొరుగుల అంగళ్ళకూ కుంకుమ అంగళ్ళకూ వెళ్ళిపోవాలి. వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు. నిన్న ఏమైందో గుర్తుండాలి, అంతే. ఒక్కోసారి అవ్వ బజారుకు పోయి బొరుగులు కొనుక్కొస్తే ఆ కవరు మీద మా పాత కథలోని మనిషి నవ్వుతూ కనిపించేవాడు. "వీడు సచ్చిపోయినాడు కదరా పోయిన వారం?" అని అవ్వ ఆ కవరును జాగ్రత్తగా విప్పేది.

నాకు ఇంగ్లీషే సరిగా రాదు, ఇక మిగతా భాషల సంగతి చెప్పేదేముంది. అయినా చెప్పేవాణ్ణి. బొమ్మ చూసి మాటలు కల్పించేవాణ్ణి. కాలేజీలో చేరాక మిద్దె మీద గదిలోకి మునిరత్నం వచ్చాడు. నగరిలో మగ్గాల ఇంటివాడు, నా క్లాసే. మాటలో తమిళం కలిసేది, నవ్వితే భుజాలు ఊగేవి. మొదటి వారంలోనే కిందికి దిగొచ్చి అవ్వ పక్కన కూర్చుని, చెప్పకుండానే మడవడం మొదలుపెట్టాడు. మగ్గం ముందు పెరిగిన చేతులు కదా, వాడు మడిచిన కవరుకు అంచు గీత గీసినట్టుండేది. "నీ కొడుకు చేత మడిపిస్తే బొరుగులన్నీ కిందనే పోతాయే తల్లీ" అని అవ్వ అమ్మతో అనేది. నాకు కోపమొచ్చేది కాదు. నేను కథలవాణ్ణి కదా.

ఆ ఏడు వచ్చిన ఒక బేలులో ఇటుకంత మందాన పుస్తకం దొరికింది. గరుకు కాగితం, కొన్ని పేజీలు గులాబీ రంగు, కొన్ని పచ్చన. బంక చక్కగా పీల్చుకుంటుందని రాజమ్మక్క మురిసిపోయింది. లోపలంతా బొమ్మలు. పక్కన చీమలు బారు తీరినట్టు అక్షరాలు, పైనుంచి కిందికి. మేము మామూలుగా ఎడమ అట్ట తెరిచాం. తెలుగువాళ్ళం ఇంకెట్లా తెరుస్తాం?

మొదటి బొమ్మలో మంచు. రైలు స్టేషన్లో పొడుగు జుట్టు మనిషి మంచులో పడి ఉంది. దూరంగా రైలు. తర్వాతి పేజీలో రైలు స్టేషన్లోనే ఉంది, రైల్వే టోపీ పెట్టుకున్న కళ్ళద్దాల మనిషి మెట్ల మీద ఉన్నాడు. "అదిగో, మొగుడు దిగినాడు" అన్నాను నేను. అట్లా నా నోటి నుంచి మొదటి రోజే మొగుడూ పెళ్ళామూ పుట్టారు. ఆ తర్వాత ఒక గదిలో పెద్ద గొడవ, చెంపదెబ్బ, విరిగిన గాజు గ్లాసు. ఆ తర్వాత ఇద్దరూ ఏడవడం. ఆ తర్వాత బల్ల దగ్గర ఒకరికొకరు వడ్డించుకోవడం. రోజురోజుకూ వాళ్ళ కాపురం బాగుపడుతోంది. రాజమ్మక్క కళ్ళొత్తుకునేది. "చూడు, మనిషి మారినాడు. మా ఇంట్లో ఒకడుండాడు, సచ్చేదాకా ఇంతే" అనేది.

తప్పు పట్టింది అవ్వ. ఒక మధ్యాహ్నం కత్తిపీట ఆపి, పేజీని కంటికి దగ్గరగా పెట్టుకుంది. "ఏమిరా, ఈ కొవ్వొత్తి యాడన్నా పెరగతాదా?"

చూస్తే నిజమే. ఆ పేజీ మొదటి గడిలో కరిగి ముద్దయిన కొవ్వొత్తి, తర్వాతి గడిలో కాస్త ఎత్తుగా ఉంది, ఆ తర్వాత నిండుగా నిలబడింది. "జపాన్ కొవ్వొత్తులు అట్లనే ఉంటాయవ్వా" అన్నాను. నాయన గుమ్మంలో నిలబడి, "ఔను, నీళ్ళు పోస్తే పెరగతాయి" అన్నాడు. అప్పుడు రత్నం మోకాళ్ళ మీద లేచి, మిగిలిన పుస్తకాన్ని తలకిందులు కాకుండా ఇటునుంచి అటు తిప్పాడు. ఒక్కో పేజీ కుడి నుంచి చూసుకుంటూ పోయాడు. దెబ్బ ముందు, కట్టు తర్వాత. పొట్టి కొమ్మ ముందు, పూలు తర్వాత. "మనం వెనకనుంచి చదవతా ఉండామప్పా!" అని అరిచాడు. "ఆడ రైలు దిగలేదు, ఎక్కినాడు. పోతా ఉండాడు. ఆ మనిషి మంచులో పడిపోయినాక కథ లేదు."

నడవలో ఎవరూ మాట్లాడలేదు. రాజమ్మక్క బంక చేత్తోనే నోరు మూసుకుంది. అప్పుడు అవ్వ తీర్పు చెప్పింది: "వాళ్ళు ఏడ్చుకుంటే ఏడ్చుకోనీ. మనకేం పట్టింది? మన పక్కనుంచే చెప్పరా. మన పక్కనుంచి పోతే బాగుపడతా ఉండారు కదా." అందరం ఒప్పుకున్నాం. రత్నం అందరికంటే గట్టిగా నవ్వి, "అదే మేలవ్వా" అన్నాడు. అప్పటి నుంచీ తెలిసే తప్పుగా చదవడం మొదలుపెట్టాం. ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. ఇద్దరూ సైకిళ్ళ మీద ఒకరినొకరు గుద్దుకుని పడిన బొమ్మ, అసలు కథలో వాళ్ళ మొదటి పరిచయం అయ్యుండాలి. మాకు అది చివరికి రావాల్సిన పేజీ. మిగిలిన పేజీల్లోకి ముందే తొంగి చూసి, "కాపురం కుదుటపడినాక ఇద్దురూ సైకిలు నేర్చుకుంటారు చూడండి" అని నేను ఆశపెట్టేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేనూ రత్నం కపిలతీర్థం దాకా నడిచాం. మెట్ల మీద కూర్చుని వాడొక సంగతి చెప్పాడు. నగరిలో వాళ్ళ మగ్గంలో పనిచేసే ఒకతని మీద వాడికి ప్రేమ ఉండేదట. అతనికీ ఉండేదట. ఒక రోజు అతను తల దించుకుని తన పెళ్ళి పత్రిక తెచ్చి ఇచ్చాడట. "నేను పెండ్లికి పోయి వడ్డించినానప్పా" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పలేదన్నాడు. తర్వాత కథ ఎత్తాడు. "ఆ పొడుగు జుట్టు మనిషి ఆడది కాదు మురళీ. నాకు కొన్ని దినాలుగా తెలుసు. వాళ్ళిద్దురూ మగోళ్ళే. యాడో సముద్రం అవతల ఎవురో కూర్చోని, నా సంగతి తెలిసినట్టు ఇన్ని బొమ్మలేసినారు. ఇదేదో నాకొక్కడికే వచ్చిన రోగం అనుకుంటా ఉంటి." ఒకసారి ఆగి, "ఇంట్లో అట్లనే చెప్పు. మగోళ్ళని చెప్పు. మీ అవ్వ ఏమంటాదో నాకు వినాలని ఉండాది" అన్నాడు.

సరేనన్నాను. ఆ క్షణాన నిజంగా చెప్పాలనే అనుకున్నాను. వాడు కోరింది అంతే. తన లాంటివాళ్ళ కథ ఒకటి, మనుషుల మధ్య, పట్టపగలు, ఆ బంక వాసనలో చెప్పుకోవడం. విన్నవాళ్ళు లేచి వెళ్ళిపోకుండా కూర్చునే ఉండడం.

మర్నాడు చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. "ఆమె" అనే అన్నాను. రత్నం మడుస్తూ నా వైపు చూసేవాడు, నేను పేజీలోకి చూసేవాణ్ణి. అప్పుడు స్నానాల పేజీ వచ్చింది. ఆవిర్లు కక్కే పెద్ద నీళ్ళ తొట్టి, నెత్తిన తుండుగుడ్డలు పెట్టుకున్న ముసలి మగవాళ్ళు, వాళ్ళ మధ్య మెడదాకా నీళ్ళలో మా మొగుడూ పెళ్ళామూ. "ఇందులో ఏం లేదు, ఉత్త నీళ్ళు" అని పేజీ చించి మడిచే కుప్పలో వేశాను. అది వెళ్ళి రత్నం చేతిలోనే పడింది.

వాడు దాన్ని మడవలేదు. ఒళ్ళో పరుచుకుని, "దీన్ని చెప్పకుండా వదిలేసినావే" అన్నాడు మెల్లగా.

"ఏముండాది చెప్పడానికి?"

"ఇది మగోళ్ళు నీళ్ళుపోసుకునే చోటు కదా. ఈ పిల్ల ఆడికి ఎట్లొచ్చింది?"

రాజమ్మక్క కిసుక్కున నవ్వింది. అమ్మ మెడ చాచి చూసింది. రత్నం ఆ పేజీని అవ్వ ముందు పెట్టాడు. "పిల్ల కాదవ్వా. మగోడే. వాళ్ళిద్దురూ మగోళ్ళే." ఆ మాట చెప్పేటప్పుడు వాడి ముఖం ఎట్లా ఉందో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. భయం ఉంది, కానీ అంతకంటే ఎక్కువ ఆశ ఉంది. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పప్పా" అన్నాడు.

నాయన గుమ్మంలోనే ఉన్నాడు. రత్నంతో రోజూ తిరిగేవాణ్ణి నేనే. ఔనంటే నాకెట్లా తెలుసని అడుగుతారు, నన్నూ అదే లెక్కలో కడతారు అనిపించింది. ఇంత ఆలోచన ఒక్క క్షణంలో వచ్చింది, ఆ వెంటనే మాట కూడా వచ్చేసింది.

"నీకట్లనే కనపడతాదిలేప్పా. నీ కంటికి ఆడోళ్ళు యాడ ఆనతారు? మగ్గం గుంతలో మగోళ్ళను చూసుకుంటా కూర్చునేవోడివి!"

రాజమ్మక్క పకపకా నవ్వింది. నాయన కూడా నవ్వాడు. వాళ్ళకు అది ఉత్త వేళాకోళం. అందులో కపిలతీర్థం మెట్ల మీద చెప్పిన సంగతి ఉందని తెలిసింది మా ఇద్దరికే. రత్నం ఆ పేజీని అంచులు కలిపి తీరుగా మడిచాడు, బంక పూశాడు, ఎండబెట్టే చాప మీద పెట్టాడు. తన ముందున్న కుప్ప అంతా పూర్తి చేసి మిద్దె ఎక్కాడు. ఆ వారంలోనే గది ఖాళీ చేశాడు. పరీక్షలకు నగరి నుంచే బస్సులో వచ్చి రాసి పోయేవాడు. నేను కనిపిస్తే పక్కకు తప్పుకునేవాడు కూడా కాదు, తెలియని మనిషిని చూసినట్టు చూసేవాడు.

కథ మాత్రం ఆగలేదు. సైకిళ్ళ దాకా చెప్పాను, అందరూ చప్పట్లు కొట్టారు. చివరి కవరు ఎండిన రోజు, ఇద్దరమే ఉన్నప్పుడు, అవ్వ అడిగింది. "ఆ నగరి పిల్లోడు ఎందుకు పోయినాడురా?"

"చదువైపోయింది కదవ్వా." అప్పుడు పుట్టింది ఆ మాట.

అవ్వ కత్తిపీట తుడుచుకుంటూ, "వాడు చెప్పింది నిజమే కదా. మగోడే" అంది.

"నీకెట్లా తెలుసు?"

"గొంతుకాడ అంత ముడి ఉండాది, కనపడదా? ఆ పాదాలు చూస్తివా, మీ తాత పాదాలంత! మంచులో పడినప్పుడే కనుక్కున్యా."

"మరి ఒక్క మాట చెప్పలేదే?"

"నువ్వు ఆడపిల్లంటా ఉంటివి. చెప్పేవోడివి నువ్వు, వినేదాన్ని నేను. మధ్యలో నాకేం పని?" అని నవ్వింది. "ఎవురైతే ఏముండాది. ఒకరికొకరు బువ్వ పెట్టుకుంటా ఉండారు కదా."

నేను భయపడింది ఈ అవ్వకు! అప్పుడైనా బస్సెక్కి నగరికి పోయి ఈ మాట వాడికి చెప్పి ఉండాల్సింది. వాడు వినాలనుకున్నది సరిగ్గా ఇదే. పుత్తూరు మీదుగా ఎంతసేపటి దారని? సిగ్గు మొదట ఒక వారం ఆపింది, తర్వాత ఒక ఏడాది, ఆ తర్వాత సిగ్గు పోయి బద్ధకం మిగిలింది. ఉద్యోగం, పెళ్ళి, పిల్ల. అవ్వ పోయింది. బజార్లోకి ప్లాస్టిక్ సంచులొచ్చాయి, కవర్లు పోయాయి, నాయన అంగడి మూసేశాడు. ఇప్పుడు మా అమ్మాయి అట్లాంటి కథే ఫోన్లో పెట్టుకుని, అందరి ముందూ ఏడుస్తూ, అందులోని మగవాళ్ళిద్దరినీ నోరు తెరవలేదని తిడుతోంది. మా కాలం మంచిదని రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మధ్యాహ్నాల వరకు మంచిదే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ మా నడవలో అంత సంతోషం ఉన్నా ఒక మనిషికి చోటు లేకపోయింది. అది కాలం చేసిన పని కాదు. అవ్వకు లేని అడ్డు నాకొచ్చింది.

పోయిన నెల నగరికి వెళ్ళాను. బస్టాండులో అడిగితే మునిరత్నం షెడ్డు అందరికీ తెలుసు. పవర్‌లూమ్‌లు పెట్టుకున్నాడు. రోడ్డు మలుపులోనే మోత వినిపించింది. లోపల వరుసగా మగ్గాలు, నూలు దుమ్ము, మధ్యలో నెరిసిన జుట్టుతో వాడు. చూసీ చూడగానే గుర్తుపట్టాడు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. పక్కనున్నాయన భుజం తట్టి, నా చెవి దగ్గర అరిచాడు: "ఈన సెల్వం! తిరుత్తణి! మేమిద్దురం కలిసుండేది శానా ఏండ్లాయ! ఈ షెడ్డూ ఇల్లూ అన్నీ ఇద్దురివీ!" సెల్వం నాకు నమస్కారం పెట్టి, నేను నిలబడ్డ చోట నూనె ఉందని చెయ్యి పట్టి పక్కకు జరిపాడు. రత్నం చొక్కాకు అంటుకున్న దారప్పోగు తీసేసి మళ్ళీ మోటారు వైపు వెళ్ళాడు.

"ఏమి పనిమీద వచ్చినావు?" అని రత్నం అరిచాడు.

దారిపొడవునా మంచి మాటలు కూర్చుకున్నాను. ఆ మోతలో ఒక్కటీ పనికిరాలేదు.

"నాకు తెలుసు!" అన్నాను.

"ఏంది?"

"ఆ జపాన్ కథ! నాకు తెలుసు!"

"వినపడలే! గట్టిగా చెప్పు!"

చేతులు నోటికి అడ్డం పెట్టుకుని గొంతు చించుకున్నాను. నా అరుపులు చూసి సెల్వం గొడవేమో అనుకున్నాడు. గబగబా వెళ్ళి స్విచ్చి ఆపేశాడు. మగ్గాలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. నా మాట మాత్రం నిలవలేదు, "వాళ్ళిద్దురూ మగోళ్ళేనని నాకు తెలుసు" అని షెడ్డంతా మోగింది. పనివాళ్ళందరూ తిరిగి చూశారు. ఒకావిడ చేతిలో నూలు కండె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. రత్నం భుజాలు కదిలాయి. నవ్వు వస్తోంది, ఆపుకుంటున్నాడు.

"ఇంత మంది ముందర చెప్తా ఉండావే" అన్నాడు.

"ఆ పొద్దు అన్నది కూడా మంది ముందరే కదా" అన్నాను. "నువ్వు చెప్పింది నిజం. నేను అబద్ధమాడినా. నన్ను నమ్మి చెప్పిన సంగతి తీసుకోనిపోయి నీ మీదికే విసిరినా. మా అవ్వకు కూడా తెలుసు, మొదటి దినం నుంచీ తెలుసు. ఎవురైతే ఏముండాది, ఒకరికొకరు బువ్వ పెట్టుకుంటా ఉండారు కదా అనింది. ఆ మాట నీకు చేర్చాల్సినోణ్ణి నేను. చేర్చలేదు. తప్పు నాది రత్నం. క్షమించమని అడగడానికి వచ్చినా."